పథ్యం చెప్పే చదువు

"అన్నం వండి పెట్టడానికి ఎం.ఎస్.సీ. ఎందుకే అమ్మాయీ?" అని మా మేనత్తగారు నన్ను అడిగారు. నేను బి.ఎస్.సీ. ముగించి, వాల్తేరులో ఆంధ్ర విశ్వకళాపరిషత్తువారి ఆహార, పోషణ, పథ్య శాస్త్రాల శాఖలో చేరడానికి దరఖాస్తు నింపుతున్న రోజులవి. ఆమె నలభై ఏళ్ళుగా పదిమందికి వండి వడ్డించిన ఇల్లాలు. ఆ ప్రశ్నలో కొంత వేళాకోళం ఉన్నా, న్యాయం కూడా లేకపోలేదు. ఆనాడు నేను సరియైన సమాధానం చెప్పలేక నవ్వి ఊరుకున్నాను. ఈనాటి ప్రసంగం ఆ ప్రశ్నకు ఆలస్యంగా చెబుతున్న సమాధానమని శ్రోతలు భావించవచ్చును.

పథ్యమనే మాట మనకు కొత్తది కాదు. జ్వరం తగ్గినవానికి పథ్యం, బాలింతకు పథ్యం, మందు పుచ్చుకునేవానికి పథ్యం మన ఇళ్ళలో తరతరాలుగా ఉన్నవే. అయితే ఈ కాలంలో వైద్యుడు రోగిని చూచి, "ఉప్పు తగ్గించండి, మాంసకృత్తులు తగ్గించండి, చక్కెర మానండి" అని మూడు ముక్కలలో చెప్పి, తరువాతి రోగిని పిలుస్తాడు. ఆయనను తప్పు పట్టడానికి లేదు. బయట వంద మంది వేచి ఉంటారు. ఆ మూడు ముక్కలను ఇంటికి తీసుకుపోయిన ఇల్లాలు పొయ్యి ముందు నిలిచి ఆలోచిస్తుంది. ఉప్పు తగ్గించడమంటే ఎంత? పప్పు మానాలా, సగం వేయాలా? ఊరగాయ మాటేమిటి? వైద్యుని చీటీకీ ఆ పొయ్యికీ మధ్య ఉన్న దూరాన్ని దాటించడమే ఈ చదువు చేయవలసిన పని. రెండేళ్ళ కాలమూ, ఒక పరిశోధన వ్యాసమూ, ఆసుపత్రిలో కొన్ని నెలల శిక్షణా అందుకోసమే.

ఈ శాస్త్రానికీ మన సముద్రతీరానికీ ఒక పాత బంధమున్నది. అది చాలామందికి తెలియదు గనుక కొంచెం వివరంగా మనవి చేస్తాను. ఒకప్పటి మద్రాసు రాజధానిలో బెరిబెరి అనే వ్యాధి ఉండేది. కాళ్ళలో సత్తువ పోవడం, తిమ్మిరులెక్కడం, ఒళ్ళు నీరు పట్టడం, చివరకు గుండె దెబ్బతినడం దాని లక్షణాలు. రాజధాని అంతటిలోనూ ఆ వ్యాధి ప్రధానంగా కనబడినది మన ఉత్తర సర్కారులలోనే. అరవదేశంలో కూడా జనం మరపట్టిన బియ్యమే తినేవారు. కాని అక్కడ అధికంగా వాడుకలో ఉన్నది ఉప్పుడు బియ్యం. ధాన్యాన్ని నానబెట్టి ఉడికించి ఆరబెట్టినప్పుడు, తవుడులో ఉండే థయమిన్ అనే బి విటమిన్ కొంత గింజ లోపలికి దిగుతుంది. ఆ తరువాత మరపట్టినా అంతా పోదు. మన జిల్లాలలో పచ్చిబియ్యాన్ని మరలో తెల్లగా ఆడించి, రెండు మూడుసార్లు కడిగి, ఎసటిలో వండి, గంజి వార్చి తినేవారు. తవుడుతో కొంత, కడుగుతో కొంత, గంజితో కొంత పోగా, మిగిలిన తెల్లని మెతుకులో కడుపు నింపే పిండి పదార్థమే గాని ప్రాణం నిలిపే ఆ చిన్న వస్తువు మిగిలేది కాదు. దంపుడు బియ్యం తినే బీదవానికి రాని వ్యాధి, మరబియ్యం కొనగలిగిన వానికి వచ్చినది.

జావాలో ఐక్మన్ అనే డచ్చి వైద్యుడు 1890 ప్రాంతాలలో కోళ్ళకు తెల్లబియ్యం పెట్టి ఇటువంటి లక్షణాలను చూచినాడు. మన దేశంలో 1918లో నీలగిరులలోని కూనూరులో, పాస్చర్ సంస్థలోని ఒక గదిలో, రాబర్ట్ మెకారిసన్ అనే వైద్యుడు బెరిబెరి పరిశీలనను ప్రారంభించాడు. ఆ ఒక్క గదే క్రమంగా పెరిగి, 1958లో హైదరాబాదుకు తరలి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అనే పేరు ధరించినది. అనగా, దేశంలోని పోషణ పరిశోధనకు మూలమైన ప్రశ్న మన ఉత్తర సర్కారుల అన్నపు గిన్నెను కూడా సూటిగా తాకినదన్న మాట. వాల్తేరులో మా తరగతిలో ఈ పాఠం చెప్పిన రోజున, గంజిలో ఉప్పు వేసుకుని తాగే మా తాతగారు జ్ఞప్తికి వచ్చారు. ఆయనకు విటమిన్ పేరు తెలియదు. గంజి పారబోస్తే మాత్రం కోపగించేవారు.

ఇక చదువు సంగతి. ఇందులో వంట ఉన్నది గాని, వంట కంటె రసాయన శాస్త్రం ఎక్కువ. జీవరసాయనం, శరీర ధర్మశాస్త్రం, ఆహారంలోని సూక్ష్మజీవుల శాస్త్రం, సంఖ్యాశాస్త్రం, సామాజిక పోషణ, వీటన్నిటి మీదా రోగులకు సంబంధించిన పథ్య శాస్త్రం. ప్రయోగశాలలో భాస్వరాన్ని కొలిచే పద్ధతి ఒకటి నేర్పుతారు. దాని పేరు ఫిస్కె-సుబ్బారావు పద్ధతి. 1925లో ప్రకటితమైన ఆ పద్ధతిలోని సుబ్బారావు, భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావుగారే. అన్నదమ్ములిద్దరు గ్రహణి వ్యాధితో కొద్ది రోజుల వ్యవధిలో పోగా, తానూ ఆ వ్యాధితోనే బాధపడి, ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద చికిత్సతో కోలుకున్న మనిషి ఆయన. తరువాత అమెరికాలో ఆయన నాయకత్వాన 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారు చేయగలిగారు. ఆ గ్రహణికీ, గర్భిణుల రక్తహీనతకూ అది మందయినది. పరీక్షనాళికలో నీలిరంగు తేరినప్పుడు, ఆ రంగు వెనుక ఉన్న తెలుగువాని కష్టం మా తోటి విద్యార్థినులలో చాలామందికి తెలియదు. పాఠ్యగ్రంథాలలో ఒక చిన్న గీతకు అటు ఫిస్కె, ఇటు సుబ్బారావు, అంతే.

ప్రయోగశాల తరువాత మాకు అధిక సమయం పట్టినది కొలతలు. 1937లో ఎయిక్రాయిడ్ అనే శాస్త్రజ్ఞుడు భారతీయ ఆహారపదార్థాల విలువల పట్టికను కూనూరు నుండి ప్రకటించాడు. దాని సంతతిలో చివరిది 2017లో హైదరాబాదు సంస్థ ప్రకటించిన గ్రంథం. అందులో 528 పదార్థాల వివరాలున్నవి. మన చోడికి, అదే రాగికి, నూరు గ్రాములలో 364 మిల్లీగ్రాముల కాల్షియమని అందులో చూడవచ్చును; నూరు గ్రాముల ఆవుపాలలో దానిలో మూడవ వంతు మాత్రమే ఉంటుంది. కాని రోగి నూరు గ్రాములు తినడు. ఆయన "రెండు గరిటెలు" తింటాడు, "అర సోల" తాగుతాడు. మన ఇళ్ళలోని గిన్నెలు, గరిటెలు, గ్లాసులు తెచ్చి, ఒక్కొక్కదానిలో అన్నమెంత పడుతుంది, పప్పు ఎంత పడుతుంది అని తూచి వ్రాసుకోవడం మా మొదటి సంవత్సరపు శ్రమ. అది లేకపోతే ఆ 528 పదార్థాల గ్రంథం బీరువాలోనే ఉండిపోతుంది.

శిక్షణకు మమ్ములను ఒక పెద్ద ఆసుపత్రికి పంపారు. దాని పేరు ఇక్కడ అనవసరం. ఆ వార్డులో శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతం నుండి వచ్చిన మూత్రపిండాల రోగులు చాలామంది ఉండేవారు. ఉద్దానమంటే ఉద్యానవనమే, కొబ్బరితోటలు, జీడిమామిడితోటలు గల పచ్చని సీమ. అక్కడ మూత్రపిండాల వ్యాధి అంతగా ఎందుకు వ్యాపించినదో ఎన్నో పరిశోధనలు జరిగినా కారణం ఇదమిత్థమని నేటికీ తేలలేదు. 2023లో పలాసలో 200 పడకల ఆసుపత్రి వచ్చినది గాని, అంతకుముందు ఎందరో రైళ్ళలోను బస్సులలోను విశాఖకు రావలసి వచ్చేది.

ఆ రోగులలో ఒక పెద్దాయన విషయంలో నేను చేసిన పొరపాటు చెప్పకపోతే ఈ ప్రసంగానికి అర్థం లేదు. మూత్రపిండాలు దెబ్బతిన్నప్పుడు రక్తంలో పొటాషియం పేరుకుంటుంది. అది మితిమీరితే గుండె లయ తప్పుతుంది, ఒక్కొక్కప్పుడు ఆగిపోతుంది. అందుచేత నేను ఆయన పక్కన కూర్చుండి, నిన్న ఉదయం లేచినది మొదలు రాత్రి పడుకునే వరకు ఏమేమి తిన్నారో శ్రద్ధగా అడిగి వ్రాసుకున్నాను. ఆయన ఓపికగా చెప్పారు. చద్దన్నం, మధ్యాహ్నం అన్నంలోకి బీరకాయ కూర, సాయంత్రం టీ, రాత్రి మళ్ళీ అన్నం, మజ్జిగ. లెక్క కట్టి చూస్తే పొటాషియం ఎక్కువేమీ లేదు. నా పట్టికను చూచి నేనే సంతోషించి, ఆయనను ఇంటికి పంపడానికి నా వంతు సంతకం పెట్టాను.

పదిరోజులు తిరగకముందే ఆయనను మళ్ళీ తెచ్చారు. రక్తంలో లీటరుకు 3.5 నుండి 5 మిల్లీఈక్వివలెంట్ల వరకు ఉండవలసిన పొటాషియం 6.7కు పెరిగినది. ఆ రాత్రే డయాలిసిస్ చేయవలసి వచ్చినది. మరునాడు మా శిక్షకురాలు, నాకంటె ఇరవై ఏళ్ళు పెద్ద ఆవిడ, నా పట్టిక చేతిలోకి తీసుకుని, రోగి మంచం మీద ఒక మూల కూర్చుని ఒకే ప్రశ్న వేశారు.

"పెద్దాయనా, రోజూ ఏం తాగుతారు?"

"ఏటుంటాదమ్మా, బొండం నీల్లు. సొంత చెట్లే గదా. ఒళ్ళు వేడి చేసిందని పొద్దుటొకటి, సాయంకాలమొకటి."

"మరి ఈ అమ్మాయికి చెప్పలేదేం?"

"ఆ పాప తిన్నదేటని అడిగింది. అది తిండేటమ్మా? నీల్లు గదా!"

ఆయన మాటలో అబద్ధం లేదు. లేత కొబ్బరినీళ్ళలో నూరు మిల్లీలీటర్లకు సుమారు 200 మిల్లీగ్రాముల పొటాషియం ఉంటుంది. రోజుకు రెండు బొండాలంటే మేము కూరలలో ఒక్కొక్క ముక్కా లెక్కించి తగ్గించినదంతా ఒక్క దెబ్బతో తిరిగి వచ్చినట్టే. ఆరోగ్యవంతునికి, వేసవిలో పనిచేసే కూలివానికి అమృతం వంటి ఆ పానీయం, ఆయనకు గుండె ఆపగల వస్తువు. ఇది నాకు పుస్తకంలో తెలుసు. పరీక్షలో వ్రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. నాకు తెలియనిదల్లా, ఉద్దానపు రైతు భాషలో నీళ్ళు తిండి కిందకు రావన్న సంగతి. మా శిక్షకురాలు నన్ను ఒక్కమాట కూడా అనలేదు. ఆ పట్టికలో "తాగినవి" అని ఒక కొత్త వరుస గీసి, నా చేతికి ఇచ్చారు.

ఆ పెద్దాయన భార్యకు కూర వండే విధానం చెప్పడం నా వంతుకు వచ్చినది. అక్కడ నాకు మరొక చిక్కు ఎదురయినది. బెరిబెరి పాఠం చదివిన దగ్గరనుండి, మేము ఊళ్ళకు వెళ్ళినప్పుడల్లా, "గంజి పారబోయవద్దు, కూర ఉడికించిన నీరు వార్చవద్దు, సారమంతా అందులోనే పోతుంది" అని చెబుతూ వచ్చిన దానిని. ఇప్పుడు అదే నోటితో ఆమెకు చెప్పవలసినది: కూరగాయలను తొక్కతీసి, చిన్నముక్కలుగా తరిగి, ఎక్కువ నీటిలో ఉడికించి, ఆ నీటిని పారబోసి, తరువాత పోపు పెట్టండి. పొటాషియం నీటిలో కరుగుతుంది గనుక ఆ నీటితో చాలా భాగం పోతుంది. విటమిన్లు కూడా కొన్ని పోతాయి. వాటిని వైద్యుడు మాత్రల రూపంలో ఇస్తాడు. ఒక ఇంటికి నష్టమయిన అలవాటు మరొక ఇంటికి రక్ష. ఈ కారణం చేతనే, "ఫలానా ఆహారం మంచిది, ఫలానాది చెడ్డది" అని సభలలోను, చేతి ఫోనులలోను ఘంటాపథంగా చెప్పేవారిని చూస్తే నాకు భయం వేస్తుంది. ఈమధ్య చోడి అంబలి అందరికీ సర్వరోగ నివారిణి అని ప్రచారం జరుగుతున్నది. చోడి గొప్ప ధాన్యమే. ఎదిగే పిల్లలకు, బాలింతలకు నేనే చెబుతాను. మూత్రపిండాల రోగి మాత్రం అడగకుండా లోటాలకు లోటాలు తాగరాదు.

ఆ ఇల్లాలు అంతా విని, ఒక సందేహం అడిగినది. "మొన్న డాక్టరుగారు పప్పు, గుడ్లు తగ్గించమన్నారు. ఇయ్యాల మీరు గుడ్డు పెట్టమంటన్నారు. ఏది నిజమమ్మా?" రెండూ నిజమే. డయాలిసిస్ మొదలు కాకముందు, చెడిన మూత్రపిండాల మీద బరువు తగ్గించడానికి మాంసకృత్తులను శరీరపు బరువులో కిలోకు సుమారు 0.6 నుండి 0.8 గ్రాములకు పరిమితం చేస్తారు. డయాలిసిస్ మొదలయిన తరువాత, ఆ చికిత్సలోనే మాంసకృత్తులు కొంత నష్టమవుతాయి గనుక, కిలోకు 1.0 నుండి 1.2 గ్రాముల వరకు పెంచుతారు. ఈ మార్పును రోగి కుటుంబానికి ఎవరూ కూర్చుండబెట్టి చెప్పకపోతే, వారు పాత చీటీనే పట్టుకుని మనిషిని ఎండగడతారు. అటువంటివారిని నేను చూచినాను.

విశాఖవంటి పట్టణంలో ఈ పని మరీ చిత్రమైనది. 1933లో ఓడరేవు, 1992లో జాతికి అంకితమైన ఉక్కు కర్మాగారం ఈ ఊరిని మూడు షిఫ్టుల ఊరుగా మార్చినవి. "ఉదయం 8 గంటలకు ఫలహారం, రాత్రి 8 గంటలకు భోజనం" అని అచ్చువేసిన కాగితం రాత్రి షిఫ్టుకు వెళ్ళే మధుమేహ రోగికి దేనికి పనికివస్తుంది? ఇన్సులిన్ పుచ్చుకునేవానికయితే అది ప్రమాదకరం కూడా. ఆయన గడియారాన్ని మనం దిద్దలేము గనుక, మన కాగితాన్నే దిద్దాలి. కొలిమి దగ్గర చెమటోడ్చే కార్మికునికి నీరు, దానితోపాటు కొంత ఉప్పు తిరిగి చేరాలి. అదే ఇంటిలో రక్తపోటుతో ఉన్న ఆయన తండ్రికి ఉప్పు తగ్గాలి. వంట ఒక్కటే. అందుచేత కూర తక్కువ ఉప్పుతో వండి, కొడుకు డబ్బాలో ఉప్పు వేసిన మజ్జిగ సీసా పెట్టమని చెబుతాము. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవారికి రోజుకు 5 గ్రాములకు మించి ఉప్పు వద్దంటున్నది. నలుగురు పెద్దవారున్న ఇంటికి నెలకు 600 గ్రాములు. ఆవకాయ, అప్పడం, ఎండు నెత్తళ్ళు కూడా ఆ లెక్కలోనివే. ఈ నెల మీ ఇంట ఉప్పు పొట్లం ఎన్నాళ్ళు వచ్చినదో చూచుకోండి.

జాలరిపేటలలో బాలింతకు పాలు పడాలని సొరచేప పెట్టే ఆచారం ఉన్నది. చక్కని ఆచారం, మంచి మాంసకృత్తులు. దానిని మేము కదపము. పచ్చికూరలు, నీళ్ళు మానిపించే ఆచారాన్ని మాత్రం, అత్తగారిని ముందు ఒప్పించి, మెల్లగా సడలించాలని చూస్తాము. కోడలికి చెప్పి లాభం లేదు.

ఈ చదువులో చేరదలచిన అమ్మాయిలకు, అబ్బాయిలకు కూడా, ఒకటి రెండు మాటలు. గృహవిజ్ఞానం, పోషణ శాస్త్రం, లేదా జీవరసాయనం వంటి విషయాలతో పట్టం పొందినవారికి సాధారణంగా దీనిలో ప్రవేశం ఉంటుంది. ఏ విశ్వవిద్యాలయం ఏయే విషయాలను అంగీకరిస్తుందో ముందుగా చూచుకోవాలి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థలో అనువర్తిత పోషణలో ఎం.ఎస్.సీ. ఉన్నది, అది ఊరి ఆరోగ్యం వైపు ఎక్కువ మొగ్గుతుంది. పట్టం వచ్చిన తరువాత ఇండియన్ డయెటిటిక్ అసోసియేషన్ వారి పరీక్షలో నెగ్గి నమోదు చేయించుకోవడం మంచిది. 2021లో పార్లమెంటు చేసిన ఆరోగ్య అనుబంధ వృత్తుల చట్టంలో డైటీషియన్ వృత్తికి స్థానం లభించినది. ఆరు వారాల తరగతికి వెళ్ళి, పొడుల డబ్బాలు అమ్ముతూ, తామూ ఆహార నిపుణులమని చెప్పుకునేవారికి చట్టం ఏనాడయినా అడ్డుకట్ట వేస్తుందని మా ఆశ. జీతాలు మొదట గొప్పగా ఉండవు. పడకలకు తగినంతమంది డైటీషియన్లు లేని ఆసుపత్రులే ఎక్కువ. కొన్నిచోట్ల మనలను వంటశాల పర్యవేక్షకులుగానే చూస్తారు. అది కూడా చిన్న పని కాదు.

మా మేనత్తగారికి అరవయ్యవ ఏట చక్కెర వ్యాధి బయటపడినది. పంచదార మానివేసి, అనకాపల్లి బెల్లంతో కాఫీ తాగుతున్నానని గర్వంగా చెప్పారు. బెల్లంలో ఖనిజాలు కొంచెం ఎక్కువేగాని, రక్తంలో చక్కెరను పెంచడంలో రెండూ అన్నదమ్ములేనని నచ్చజెప్పడానికి నాకు మూడు వారాలు పట్టినది. ఇప్పుడు ఆవిడ రెండు చెంచాలకు బదులు ఏమీ వేసుకోకుండా తాగుతారు. ఆదివారాలు మినహా అని ఒప్పందం.

ఉద్దానం పెద్దాయన ఆ తరువాత వారానికి రెండుసార్లు డయాలిసిస్‌కు వచ్చేవారు. ఒకసారి నన్ను చూచి, "పాపా, నీల్లు కాదు, తిండే అడుగుతన్నాను. ఆదివారం చేపముక్క తినొచ్చా?" అన్నారు. ఆయన బరువు 50 కిలోలు. అంటే రోజుకు 50 నుండి 60 గ్రాముల మాంసకృత్తులు. అన్నంలో ఎంత వస్తున్నదో, గుడ్డులో ఎంత వస్తున్నదో చీటీ వెనుక కూడాను. పచ్చిచేప 50 గ్రాముల ముక్కలో సుమారు 10 గ్రాములు. రెండు ముక్కలు తినవచ్చును, ఎండుచేప మాత్రం వద్దు, చింతపండు పులుసు పలచగా ఒక గరిటె చాలు అని చెప్పాను. ఆయన భార్య ఆ చీటీని మడిచి కొంగున ముడివేసుకున్నది.